జుమా చందాతో తీరని బాకీ

నయాపూల్ మీద నిలబడి చూస్తే మూసీకి ఒక గట్టున ఉస్మానియా ఆసుపత్రి, రెండవ గట్టున హైకోర్టు కనిపిస్తాయి. హైకోర్టు దాటి పురానీ హవేలీ వైపు వెళితే సిటీ సివిల్ కోర్టు వస్తుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారి దావాలు వినే మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రిబ్యునల్ నగరంలో ఆ కోర్టు పరిధిలోనిదే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి వెళ్లే దూరమే. అయినా జాతీయ రహదారి మీద కాలో చెయ్యో పోగొట్టుకొని ఆసుపత్రికి చేరిన మన ఆటో డ్రైవరు కాగితం, మన తోపుడుబండి వ్యాపారి కాగితం ఆ వంతెన దాటకుండానే ఆగిపోతున్నది. దీనికి బాధ్యులెవరో పేరు పెట్టి చెప్పుకోవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాము. ఆ జాబితాలో మనమూ ఉన్నాము.

మనకు తెలిసిన పద్ధతి ఒకటే. జుమా నమాజు అయ్యాక ఇమాము సాహెబ్ ఫలానా బస్తీ యువకుడికి ఆపరేషన్ ఉందని ప్రకటిస్తారు. మస్జిదు మెట్ల దగ్గర తువ్వాలు పరుస్తారు. పదులు, వందలు పడతాయి. నలభై వేలో యాభై వేలో పోగవుతాయి. ఇచ్చినవారి నియ్యత్‌ను మేము తక్కువ చేయడం లేదు. కాని ఆ యువకుడిని గుద్దిన లారీకి బీమా ఉన్నది. ఆ బీమా సంస్థ అతనికి చట్టప్రకారం లక్షల రూపాయలు బాకీ ఉన్నది. ఆ బాకీని అడిగేవారు లేక అది సంస్థ ఖజానాలోనే మిగిలిపోతున్నది. పేదవాడి జేబులోంచి చందా తీసి, ధనిక సంస్థ బాకీని మాఫీ చేస్తున్న సమాజం మనది.

2025 నవంబర్ నెలను మన కుటుంబాలు మరచిపోలేవు. ఆ నెల 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర నింపుకొన్న టిప్పరు తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది మరణించారు. మరెందరో కంకర కింద నలిగి గాయాలపాలయ్యారు. రెండు వారాలకు, 17న, మదీనా సమీపంలో ఉమ్రా యాత్రికుల బస్సు డీజిలు ట్యాంకరును ఢీకొని దగ్ధమై హైదరాబాద్ నుంచి వెళ్లిన 45 మంది షహీదులయ్యారు. రెండు సందర్భాలలోనూ ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. చేవెళ్ల మృతుల కుటుంబాలకు 7 లక్షలు, క్షతగాత్రులకు 2 లక్షలు అన్నారు. చెక్కులు, ఫొటోలు, పరామర్శలు జరిగాయి. ఎక్స్‌గ్రేషియా అనే మాటకు అర్థమే దయతో ఇచ్చేది అని. ఇవ్వకపోయినా అడిగే హక్కు లేనిది. నష్టపరిహారం అలాంటిది కాదు. మోటారు వాహనాల చట్టం 1988, 166వ సెక్షను కింద అది బాధితుని హక్కు. ఎక్స్‌గ్రేషియా చెక్కు అందుకున్నంత మాత్రాన ఆ హక్కు తీరిపోదు. ఈ ఒక్క ముక్కను బాధిత కుటుంబాలకు చెప్పే నాయకుడు చెక్కుల పంపిణీ వేదిక మీద ఎంత వెతికినా కనిపించడు.

ఇక్కడ మన ఇళ్లలో వినిపించే రెండు మాటలకు జవాబు చెప్పాలి. మొదటిది తఖ్దీర్. అల్లాహ్ రాసింది జరిగింది, కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు అంటారు. సబ్ర్ విశ్వాసి లక్షణమే. కాని పొరపాటున జరిగిన హత్యకు మృతుని కుటుంబానికి దియత్ చెల్లించాలని ఖుర్ఆన్ నాల్గవ సూరాయే ఆదేశిస్తున్నది. అవయవాల గాయాలకు ఎంత చెల్లించాలో మన ఫిఖ్‌హ్ గ్రంథాలు అవయవం వారీగా చర్చించాయి. తప్పు చేసినవాడు చెల్లించడం, నష్టపోయినవాడు పుచ్చుకోవడం సబ్ర్‌కు విరుద్ధమైతే ఆ అధ్యాయాలే ఉండేవి కావు. కుటుంబం కావాలనుకుంటే క్షమించవచ్చు. కాని తనకు ఎంత రావాలో తెలియనివాడు చేసేది క్షమ అనిపించుకోదు, మోసపోవడం అనిపించుకుంటుంది.

రెండవది, బీమా సొమ్ము హలాలా అన్న సందేహం. బాధితుడు ఏ పాలసీ మీదా సంతకం చేయలేదు, ఏ ప్రీమియమూ కట్టలేదు. అతడు లారీ యజమాని నుంచి తన నష్టాన్ని అడుగుతున్నాడు. ఆ యజమాని బాకీని బీమా సంస్థ తీరుస్తున్నది, అంతే. తీర్పులో అసలుతోపాటు వడ్డీ కూడా వేస్తారు. దానిని ఏమి చేయాలో ఉలమాను అడగండి. వడ్డీ మీద సందేహంతో అసలునే వదులుకొన్న కుటుంబానికి ఫత్వా కంటే ముందు ఒక మంచి వకీలు అవసరం.

ఇక లెక్కలోకి వద్దాము, ఎందుకంటే అన్యాయమంతా లెక్కలోనే దాగి ఉన్నది. 32 ఏళ్ల లక్క గాజుల కార్మికుడు నెలకు 15,000 సంపాదిస్తూ ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకొన్నాడని అనుకుందాము. సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించిన పట్టిక ప్రకారం ఆ వయస్సుకు గుణకం 16. ప్రణయ్ సేఠీ కేసులో 2017 నాటి తీర్పు ప్రకారం 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి వ్యక్తికి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలి. ఆ నియమం గాయాల కేసులకూ వర్తిస్తుందని 2020లో అదే కోర్టు స్పష్టం చేసింది. అంటే నెలకు 21,000, ఏడాదికి 2,52,000, దానిని 16తో గుణిస్తే 40,32,000. సంపాదన శక్తిలో 85 శాతం పోయిందని ట్రిబ్యునల్ ఒప్పుకొంటే 34,27,200 రూపాయలు. వైద్య ఖర్చులు, కృత్రిమ కాలు, బాధకు పరిహారం వేరు.

అదే మనిషి సరైన కాగితాలు లేకుండా వెళితే? ఆదాయానికి రుజువు లేదు కనుక నెలకు 8,000 చాలు అని బీమా వకీలు వాదిస్తాడు. వైద్యుడు రాసిన 60 శాతాన్నే పట్టుకొంటాడు. భవిష్యత్తు ఆదాయం ఊసెత్తడు. అప్పుడు వచ్చేది 9,21,600. ఒకే కాలు, ఒకే చట్టం, తేడా 25 లక్షల పైచిలుకు. ఆ తేడా కాలు విలువలో లేదు, ఫైలులో ఉన్నది.

ఆదాయ రుజువు అన్న ఈ వాదన మన సముదాయం మీద పడినంత బరువుగా మరెవరి మీదా పడదు. ముస్లిం శ్రామికులలో 61 శాతం స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. వారికి జీతం చీటీ ఎక్కడిది? పత్తర్‌గట్టీ ఫుట్‌పాత్ మీద అమ్ముకొనేవాడికి ఫారం 16 ఎవరిస్తారు? ఈ వాదనకు సుప్రీంకోర్టే 2014లో సయ్యద్ సాదిఖ్ కేసులో జవాబు చెప్పింది. కర్ణాటకకు చెందిన కూరగాయల వ్యాపారి, 24 ఏళ్ల యువకుడు, కాలు పోగొట్టుకొన్నాడు. కూరగాయలు అమ్ముకొనేవాడిని నెలసరి ఆదాయానికి రుజువు తెమ్మనడమే అనవసరమని కోర్టు అన్నది. నెలకు 6,500గా అంగీకరించింది. సంపాదన శక్తి నష్టాన్ని హైకోర్టు పెట్టిన 65 శాతం నుంచి 85 శాతానికి పెంచింది. అంతకుముందు 2010లో రాజ్ కుమార్ కేసులో, శరీర వైకల్య శాతం వేరు, బతుకుతెరువు నష్ట శాతం వేరు అని తేల్చింది. చెయ్యి పోయిన గుమాస్తా కుర్చీలో కూర్చొని పని చేయగలడు, వడ్రంగి ఏమి చేస్తాడు? ఇంట్లో కూర్చొని జర్దోజీ కుట్టే మన తల్లులు, చెల్లెళ్ల విషయంలోనూ ఇంతే. గృహిణి శ్రమకు విలువ కట్టవలసిందేనని 2021లో కీర్తి కేసు తీర్పు చెప్పింది. "ఆమె ఏ పనీ చేయదు" అని పోలీసుల ముందు వాంగ్మూలం ఇచ్చే భర్తలారా, ఆ ఒక్క మాట ఎంత నష్టం చేస్తుందో ఆలోచించండి.

ఫైలు పాడయ్యేది కోర్టులో కాదు, అంతకు చాలా ముందే. ఆసుపత్రి క్యాజువాలిటీలో మొదటి గంటలో రాసే మెడికో లీగల్ నమోదులో "బండి మీద నుంచి జారి పడ్డాడు" అని పడితే, లారీ గుద్దిందని తరువాత ఎంత మొత్తుకొన్నా బీమా వకీలు ఆ వాక్యాన్నే చూపిస్తాడు. భయంతోనో, పోలీసుల గొడవ ఎందుకనో వెంట వచ్చినవారే ఆ మాట చెప్పేస్తారు. తరువాత స్టేషన్లో రాజీ. లారీ యజమాని మనిషి ఇరవై వేలు చేతిలో పెడతాడు, బస్తీ పెద్ద మధ్యవర్తిగా కూర్చొంటాడు, "ఎవరి తప్పూ లేదు" అన్న కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఆ పెద్దల పేర్లు మాకు తెలియనివి కావు. వారిలో కొందరు మన సభలలో మొదటి వరుసలో కూర్చొంటారు. ఆసుపత్రి వరండాలో తిరిగే దళారి సంగతి మరొకటి. వచ్చినదానిలో ముప్పై శాతం, నలభై శాతం వకీలుకని మాట్లాడుకొంటాడు. ఫలితంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. పరిహారం సొమ్మును నేరుగా బాధితుని బ్యాంకు ఖాతాకే పంపే పద్ధతి పాటించాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం చేయించుకొనేవాడిని కోర్టు ఆపలేదు, ఇంటివారే ఆపాలి.

ప్రభుత్వాన్ని నిలదీయవలసింది ఆరు నెలల గడువు మీద. 1994లో తొలగించిన కాలపరిమితిని 2019 సవరణ మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉన్నది. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు దావా వేయాలట. తొడ ఎముక విరిగి, రాడ్డు వేయించుకొని, చీము పట్టి మళ్లీ ఆపరేషన్ చేయించుకొన్నవాడికి ఆ ఆరు నెలలూ మంచం మీదే గడుస్తాయి. తలకు దెబ్బ తగిలినవాడు తన పేరు చెప్పగలిగేసరికే గడువు తీరిపోతుంది. ఎంత ఎక్కువ దెబ్బ తగిలితే హక్కు అంత త్వరగా పోయే చట్టం ఇది. దీని చెల్లుబాటు మీద వివాదం తేలేవరకు కాలం మీరిందన్న కారణంతో దావాలను కొట్టివేయవద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఊరట కలిగించే మాటే. అయితే మధ్యంతర ఆదేశాన్ని నమ్ముకొని ఆలస్యం చేయవద్దు.

అసలు దావా వేయడానికి బాధితుడు తిరగవలసిన పనే లేకుండా చట్టం ఒక దారి ఏర్పరచింది. పోలీసులు 48 గంటలలో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజులలో మధ్యంతర నివేదిక, 90 రోజులలో సమగ్ర నివేదిక సిద్ధం చేసి ట్రిబ్యునల్‌కు అందజేయాలి. ఆ నివేదికనే దావాగా స్వీకరించాలని 166వ సెక్షనులోనే ఉన్నది. వీటిని కచ్చితంగా అమలు చేయాలని, ఠాణాలలో ప్రత్యేక విభాగాలు పెట్టాలని 2022 డిసెంబర్‌లో గౌహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఠాణాకు వెళ్లి సమగ్ర ప్రమాద నివేదిక నకలు అడిగి చూడండి. నివేదిక లేదంటే లేదని రాతపూర్వకంగా ఇమ్మనండి. ట్రాఫిక్ చలానాను ఫోనుకు నిమిషంలో పంపగలిగే శాఖ, కాలు పోయినవాడి నివేదికను 90 రోజులలో పంపలేదా?

మరొక ఉచ్చు గురించి హెచ్చరించాలి. 164వ సెక్షను కింద, ఎవరి తప్పో నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇస్తారు. త్వరగా వస్తాయి కనుక ఆశ కలుగుతుంది. కాని బీమా సంస్థతో పరిష్కారంగా ఆ సొమ్ము స్వీకరిస్తే ట్రిబ్యునల్ ముందున్న దావా రద్దవుతుందని చట్టమే చెబుతున్నది. పై లెక్కలోని గాజుల కార్మికుడు 34 లక్షల హక్కును రెండున్నర లక్షలకు వదులుకొన్నట్లే. గుద్దిన వాహనమేదో తెలియకపోతే మాత్రం 161వ సెక్షను కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు రెవెన్యూ అధికారుల ద్వారా రావాలి. అది కూడా అడిగినవారికే. చికిత్స విషయంలో, 2025 మే నుంచి అమలులోకి వచ్చిన పథకం కింద ఎంపిక చేసిన ఆసుపత్రులలో మొదటి ఏడు రోజులు 1.5 లక్షల వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. అడ్మిషన్ కౌంటరు దగ్గర తల్లి మెడలోని గొలుసు తీసే ముందు ఈ మాట అడగండి.

చేదుగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. బీమా లేకుండా ఆటో తిప్పేవారు, లైసెన్సు లేని పిల్లవాడికి బండి తాళం ఇచ్చేవారు మన బస్తీలలో తక్కువ కాదు. ఆ బండి మరొకరి కాలు విరిస్తే పరిహారం ఇల్లు అమ్మి కట్టవలసిందే. మనకు హుఖూఖుల్ ఇబాద్ గుర్తుకు రావలసింది మనవాడు దెబ్బ తిన్నప్పుడు మాత్రమే కాదు.

ఇప్పుడు మస్జిదు కమిటీలను, బైతుల్‌మాల్ నిర్వాహకులను, హక్కుల కార్యకర్తలను మేము అడుగుతున్నది పెద్ద పని కాదు. ప్రమాదం కర్నూలు దగ్గర జరిగినా, జహీరాబాద్ దగ్గర జరిగినా బాధితుడు హైదరాబాద్ నివాసి అయితే దావా ఇక్కడే వేయవచ్చు. మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత వకీలును ఇవ్వడం న్యాయసేవా సంస్థ బాధ్యత. ఆ సంస్థ పురానీ హవేలీలోనే ఉన్నది. చందా వసూలు చేసే మస్జిదు మెట్ల దగ్గరే ఒక కుర్చీ, ఒక రిజిస్టరు, చదువుకొన్న ఒక యువకుడు చాలు. ఎఫ్ఐఆర్ నకలు, మెడికో లీగల్ నమోదు, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, అతడి చేత పని చేయించుకొన్న సేఠ్ రాసిచ్చిన రెండు వాక్యాలు, ఈ ఐదూ ఒక సంచిలో పడాలి. రిజిస్టరులో మొదటి గడిలో ప్రమాదం జరిగిన తేదీ రాయండి. రెండవ గడిలో ఆరు నెలలు నిండే తేదీ.