పెట్టెలో మేనరికం

పూలకుండీని కాస్త పక్కకు జరిపి చూస్తే, అడుగున తడిమట్టిలో బూడిదరంగు ప్రాణులు కొన్ని కనిపిస్తాయి. వాటిలో కొన్ని తాకీ తాకగానే మిరియపు గింజలా ఉండచుట్టుకుంటాయి. చాలామంది వీటిని పురుగులనుకుంటారు. కొందరు రోకలిబండలుగా పొరబడతారు. నిజానికివి రొయ్యలకు, పీతలకు చుట్టాలు. నీటిని విడిచి నేలమీద కాపురం పెట్టినా ఇప్పటికీ పొట్టకింది రేకులతోనే శ్వాసిస్తాయి. ఆ రేకులు ఎండితే ప్రాణం నిలవదు. ఏడు జతల కాళ్లుగల ఈ జీవులను శాస్త్రజ్ఞులు ఐసోపాడ్లు అంటారు. నేలమీద నివసించే వాటిలోనే 3,500కు పైగా జాతులున్నవి.

ఇటీవలి సంవత్సరాలలో అమెరికా, యూరప్, జపాన్ వంటి చోట్ల వీటిని పెంచడం ఒక వేడుక అయింది. ఒక ప్లాస్టిక్ పెట్టె, గుప్పెడు ఎండుటాకులు, పుచ్చిన కర్రముక్క, తడి నాచు, సున్నం కోసం కొన్ని గుడ్డుపెంకులు ఉంటే చాలు. ఆడది గుడ్లను పొట్టకింది సంచిలో మోస్తుంది. పిల్లలు అక్కడే పొదగబడి, ఆరు జతల కాళ్లతో బయటకు వస్తాయి. ఏడవ జత తర్వాత మొలుస్తుంది. కొద్ది నెలలలోనే పదింటి సంతానం పెట్టె నిండుతుంది. పెంచేవాడు సంతోషిస్తాడు. అందులోంచి పదింటిని తీసి మరొకరికి ఇస్తాడు; ఆ మరొకరు మరో పదింటిని ఇంకొకరికిస్తారు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

తెలుగునాట మేనరికం తెలియని ఇల్లు లేదు. దగ్గరి బంధువుల సంతానంలో, తల్లి నుండీ తండ్రి నుండీ ఒకే పూర్వీకుని జన్యువు వచ్చి కలిసే అవకాశం ఎంత అన్నదానికి ఒక లెక్క ఉన్నది. మేనబావను చేసుకుంటే 16లో 1 వంతు. మేనమామను చేసుకుంటే 8లో 1 వంతు. తోబుట్టువులే కలిస్తే 4లో 1 వంతు. 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ ఇటువంటి లెక్కలపై విశేష కృషి చేశారు. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, 1960 దశకం తొలినాళ్లలో ఆంధ్ర కుటుంబాలలోని మేనరికాలనే అధ్యయనం చేశారు. మూతపెట్టిన పెట్టెలో వావివరుసలు చెప్పేవారు ఎవరూ ఉండరు. అక్కడ జరిగేవి మేనరికాలను మించిన కలయికలు.

అయితే తక్కువ సంఖ్యతో మొదలుపెట్టడమే పెద్ద తప్పు అనుకోనక్కరలేదు. పరస్పర బంధుత్వం లేని పది ప్రాణులను తెస్తే, వాటి మూలసంతతిలోని జన్యువైవిధ్యంలో సుమారు 95 శాతం వాటితోపాటే వస్తుంది. అసలు నష్టం, ఆ తర్వాత కూడా సంతతి చిన్నదిగానే ఉండిపోవడం వల్ల కలుగుతుంది. తరానికి పదే పెద్దవి సంతానం కంటూ పోతే తరతరానికీ ఉన్నదానిలో 5 శాతం కరిగిపోతుంది. పది తరాలకు మిగిలేది 60 శాతమే. ఇక కొన్న పదీ ఒకే తల్లి పిల్లలైతే, తొలినాడే పావువంతు పోయినట్లు.

పెట్టెలోని తలలు లెక్కపెట్టి ధైర్యపడడానికి కూడా వీలులేదు. 98 ఆడవి, 2 మగవి ఉన్న పెట్టెలో నూరు ప్రాణులున్నట్లే కనిపిస్తుంది. కాని ప్రతి పిల్లకూ తండ్రి ఆ రెండింటిలో ఒకటే. జన్యుశాస్త్రం లెక్కలో ఆ నూరూ ఎనిమిదికి మించవు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణ మాత్రమే కాదు. ఐసోపాడ్లలో అనేక జాతులకు వోల్బాకియా అనే సూక్ష్మజీవి సోకుతుంది. అది తల్లి నుండి గుడ్డు ద్వారా బిడ్డకు చేరుతుంది. మగవాని ద్వారా వ్యాపించదు. కనుక దానికి ఆడవి ఎక్కువగా ఉండడమే లాభం. ఉండచుట్టుకునే ఆర్మడిల్లిడియం వల్గారే జాతిలో అది ఏకంగా మగవిగా పుట్టవలసినవాటిని ఆడవిగా మార్చివేస్తుంది. ఫ్రాన్సులోని పోయిటియర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి ఈ వింతను పరిశీలించారు. ఆ సూక్ష్మజీవి జన్యుపదార్థంలో పెద్దభాగం ఐసోపాడ్ క్రోమోసోములో చేరి, ఆడతనాన్ని నిర్ణయించే కొత్త అంశంగా మారిన సంగతిని 2016లో వారు ప్రకటించారు. తన పెట్టెలో అన్నీ ఆడవే ఎందుకు పుడుతున్నాయో తెలియని పెంపకందారు నీటినీ, ఆకునూ అనుమానిస్తూ ఉంటాడు.

మూడవ కారణం మనిషి కంటికి నచ్చే రంగు. బూడిదరంగు గుంపులో ఎప్పుడో ఒక తెల్లనిదో, నారింజరంగుదో పుడుతుంది. ఇటువంటి రంగులు తరచు మరుగున ఉండే జన్యువుల ఫలితాలు. ఇరువైపుల నుండి వస్తేనే బయటపడతాయి. పెంచేవాడు ఆ రంగువాటిని మాత్రమే వేరుచేసి, మిగిలినవాటిని తీసివేస్తాడు. తెల్లదనంతోపాటు, మరుగున ఉన్న ఏ బలహీనత ఆ కుటుంబంలో ఉన్నా అదీ స్థిరపడుతుంది. ముందు పిల్లల సంఖ్య తగ్గుతుంది. తర్వాత ఎదగవలసినవి ఎదగవు. ఒక వేసవిలో కారణం కనబడకుండానే పెట్టె ఖాళీ అవుతుంది.

ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని చెప్పరాదు. 1930లో సిరియాలోని అలెప్పో సమీపంలో పట్టిన ఒక తల్లి, దాని పిల్లల నుండి వచ్చిన సంతతే ప్రపంచమంతటా బంగారువన్నె హామ్‌స్టర్లుగా వర్ధిల్లింది. కాని ఇటువంటి కథలలో మనకు వినిపించేది నిలిచినవాటి మాటే. నశించిన పెట్టెల చరిత్రను ఎవరూ రాయరు.

నివారణ కష్టం కాదు, కావలసినది ఓర్పు. వేరువేరు చోట్ల నుండి తెచ్చిన ప్రాణులతో మొదలుపెట్టాలి. ఒకే పెద్ద పెట్టెకు బదులు మూడు నాలుగు పెట్టెలు ఉంచి, తరానికి కొన్నింటిని అటూ ఇటూ మార్చాలి. రంగువాటిని సంబంధం లేని మామూలువాటితో జతపరిస్తే తొలితరమంతా బూడిదరంగే వస్తుంది. నిరాశపడి పారవేయక ఆగితే, మనుమల తరంలో నాలుగింట ఒక వంతు ఆ రంగే మళ్లీ దర్శనమిస్తుంది, కొత్త రక్తంతో. కొత్తవాటిని కొన్ని వారాలు వేరుగా ఉంచి పరీక్షించాలి. దూరప్రాంతాల సంతతులను తెలియక కలపడమూ క్షేమం కాదు. పోర్సెలియో డైలటాటస్ అనే జాతిలో, తల్లికి లేని వోల్బాకియా తండ్రికి ఉన్నట్లయితే పిండాలు నిలవకపోవడం శాస్త్రజ్ఞులు గమనించారు.

ఇంత శ్రమ ఒక చిల్లర ప్రాణికోసమా అని అడగవచ్చు. ఆగ్నేయాసియాలోని సున్నపురాతి కొండలలో, ఒక్క గుట్టకో ఒక్క గుహకో పరిమితమైన చిన్నజీవులు అనేకం. ఆ కొండలను సిమెంటు కోసం తవ్వుతున్నారు. వేడుక కోసం ప్రాణులను సైతం పట్టుకొస్తున్నారు. ఒక గుట్ట మాయమైన నాడు, ఆ జాతి ఎవరి ఇంటి అలమారలోనో ఉన్న పెట్టెలో మాత్రమే మిగలవచ్చు. ఆ పెట్టెలో ఎన్ని కుటుంబాల వారసులున్నారో, అవి ఏ చోటి నుండి వచ్చాయో యజమాని ఒక కాగితంమీద రాసి మూతకు అంటించి ఉంచితే, ఆనాడు పనికివచ్చేది ఆ కాగితమే.