ఈ వయసులోనే చదవాలి

"ఈ వయసులో మళ్లీ కాలేజీ చదువేంటి? అమీర్‌పేటలో మూణ్ణెల్ల కోర్సు చేసెయ్, రెజ్యూమేలో నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో, చాలు." బ్యాంకులోనో, ఫార్మా కంపెనీలోనో పదిహేనేళ్లు పనిచేసి సాఫ్ట్‌వేర్ వైపు చూసేవారికి హైదరాబాద్‌లో అడగకుండానే దొరికే సలహా ఇది. లోకజ్ఞానంలా చెలామణి అవుతున్న ఈ మాటను నమ్మితే డబ్బుతోపాటు పరువూ పోతుంది.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లను నేను తీసిపారేయను. ఇప్పటికే కోడ్ రాస్తున్నవారు కొత్త టూల్ ఒకటి పట్టుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. రంగమే మారేవారికి కావలసింది పునాది. అది మూణ్ణెల్లలో పడదు.

ఆ పునాది ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. వెయ్యి కార్డు లావాదేవీల్లో పది మోసాలున్నాయనుకుందాం. "అన్నీ సక్రమమే" అని గుడ్డిగా చెప్పే ప్రోగ్రామ్‌కు కూడా 99 శాతం కచ్చితత్వం వస్తుంది. పట్టుకున్న మోసాలు మాత్రం సున్నా! టూల్ మాత్రమే నేర్చినవారు ఆ 99ని చూసి మురిసిపోతారు. గణాంకశాస్త్రం చదివినవారు పదింటిలో ఎన్ని దొరికాయని అడుగుతారు. ఆ చదువుకు బ్యాంకు అనుభవం తోడైతే, మోసాన్ని వదిలేస్తే ఎంత నష్టమో, మంచి ఖాతాదారు కార్డును ఆపేస్తే ఎంత గొడవో కూడా లెక్కలోకి వస్తాయి. కొత్తగా పట్టా పుచ్చుకున్న కుర్రవాడికి ఈ తెలివిడి ఎక్కడిది? ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఈ బలాన్నే నరికేస్తుంది. నిజంగా పనిచేసిన ఏళ్లను చెరిపి, లేని ఏళ్లను అతికిస్తుంది. వెరిఫికేషన్‌లో పీఎఫ్ చరిత్ర తీస్తే ఆ అబద్ధం బయటపడుతుంది.

చదువంటే ఉద్యోగం మానేసి లక్షలు ధారపోయడమేనన్న వాదన కూడా చెల్లదు. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సుకు వయోపరిమితి లేదు, జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష నెగ్గితే చేరవచ్చు. డిగ్రీ దాకా సాగలేనివారు డిప్లొమాతో ఆగవచ్చు. బిట్స్ పిలానీ ఉద్యోగస్తుల కోసమే ఎంటెక్ నడుపుతోంది. ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఎల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే రుసుము.

డిగ్రీ ఉద్యోగానికి హామీ ఇవ్వదు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు ఉన్నవారు తొందరపడి చేరనూ కూడదు. ముందు ఎన్‌పీటీఎల్‌లో పన్నెండు వారాల కోర్సు ఒకటి పట్టుబట్టి పూర్తిచేసి పరీక్ష రాయండి. ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చోగలమో లేదో తేలిపోతుంది. కూర్చోగలిగితే డిగ్రీకి ఫీజు కట్టండి.

నలభై ఏళ్ల మనిషి ఇంకా ఇరవై ఏళ్లు ఉద్యోగం చేయాలి. ఆ ఇరవై ఏళ్ల కోసం మూడేళ్లు చదవడం ఆలస్యమని భయపెట్టేవారి మాట వినకండి. అబద్ధపు రెజ్యూమేతో ఇరవై ఏళ్లు భయపడుతూ బతకడం కన్నా మూడేళ్లు కష్టపడి చదవడమే తేలిక.