ఊళ్లో ఉండే అయ్యగారు

దైవజనుల ప్రసంగాలకు ఇప్పుడు కొదవ లేదు. ఫోను తెరిస్తే యూట్యూబులో వందల గొంతులు, ఊరి చివర మైదానంలో ఏటా ఉజ్జీవ సభలు, ఫ్లెక్సీల మీద నిలువెత్తు ఫొటోలు. ఇంట్లో మనిషి పోయిన రాత్రి మాత్రం గుమ్మం ఎక్కేది ఆ ఊరి అయ్యగారే. పెట్టె ఎవరికి చెప్పాలో, సమాధి ఎక్కడ తవ్వించాలో, హైదరాబాదు నుంచి కొడుకు ఎప్పటికి చేరతాడో, అన్నదమ్ములకు ఎన్నాళ్లుగా మాటల్లేవో ఆయనకు తెలుసు. ఆదరణ కూడికలో ఆయన మాటకు బరువు అక్కడి నుంచే వస్తుంది. పాస్టరుకు వాగ్ధాటి కంటే ముందు కావలసింది ఊళ్లో ఉండటం, మెత్తగా మసలుకోవడం అని నా వాదన.

తెలుగునాట సంఘాలు నిలదొక్కుకున్నదీ ఇలాగే. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో కన్నుమూసేదాకా మకాం మార్చలేదు. ఆ పెద్దాయన పేరు చాటున మరుగునపడినవాళ్లు పల్లె పంతుళ్లు. దళితవాడల్లోనే కాపురముండి, పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, కూలి జనం పొలం నుంచి తిరిగొచ్చాక దీపం పెట్టుకుని ప్రార్థన నడిపారు. సంఘాన్ని రోజూ మోసింది వాళ్లే.

మెతక మనిషి సంఘాన్ని ఏం నడుపుతాడని కొందరంటారు. కానీ మెత్తదనం బలహీనత కాదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి దొరికేలా చూశారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. ఆకలిగొన్న మనిషి అవసరాన్ని వాడుకోకుండా ఆగడానికి గుండె నిబ్బరం కావాలి. ఆ తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందిని ఆపైన ఇంటింటా చూసుకోవలసింది స్థానిక బోధకులే అనుకోండి, అది వేరే సంగతి.

ఒకేచోట పాతుకుపోతే పాస్టరు ఏదో ఒక వర్గం మనిషి అవుతాడు, అందుకే బదిలీలన్నది మరింత గట్టి అభ్యంతరం. కులం గుడి గడప దగ్గర ఆగిపోదు గనుక ఆ భయం నిజమే. కానీ సంఘ కమిటీ లెక్క అడగగలిగితే ఆ రోగానికి మందు ఊళ్లోనే ఉంది. ఇళ్లు, మనుషులు పరిచయమయ్యేలోపే అయ్యగారిని లేపేస్తే వర్గాలు అలాగే ఉంటాయి, వాళ్ల మధ్య తిరిగి సర్దిచెప్పగల మనిషి పోతాడు. ఇక జీతం సంగతి. పల్లె కానుకలతో పిల్లల ఫీజులు కట్టలేక చాలామంది పట్నం దారి పడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో ఇల్లు గడవదు, ఆ బాధ్యత సర్కారుదీ కాదు. సంఘ పెద్దలు ఈసారి సభల బడ్జెట్ వేసేటప్పుడు పందిరి, మైకుసెట్టు ఖర్చులో సగమైనా అయ్యగారి జీతానికి, బండి పెట్రోలుకు మళ్లించాలి.