బస్సెక్కలేని వారి లెక్కేది?

హైదరాబాద్ శివారు బస్సుల ప్రస్తావన వస్తే ఇప్పుడు రెండే మాటలు వినిపిస్తున్నాయి. ఆడవారి ఉచిత ప్రయాణం వల్ల రద్దీ పెరిగిందని కొందరు, ఉన్న బస్సులు చాలడం లేదని ఇంకొందరు. రెండూ నిజమే. ఆ వాదులాటలో పెద్ద విషయమొకటి మరుగున పడిపోతోంది. గత పదేళ్లలో శివారు ప్రయాణికుడు బయల్దేరే చోటు, చేరే చోటు, ఇంటి నుంచి కదిలే వేళ అన్నీ మారిపోయాయి. బస్సు మాత్రం పాత దారినే, పాత వేళకే తిరుగుతోంది. ఆ మార్పును పసిగట్టాల్సిన మన కొలమానాలు బస్సెక్కినవారినే లెక్కిస్తున్నాయి. ఎక్కలేక స్టాపులోనే మిగిలిపోయినవారు ఏ రికార్డుకూ ఎక్కడం లేదు.

ముందుగా ఎవరెక్కుతున్నారో చూద్దాం. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లతో పాటు నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి జీరో టికెట్ ఇస్తున్నారు. 2025 జులై నాటికి అలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. దీన్ని చూసి ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు’ అని తీసిపారేసేవారున్నారు. అది అన్యాయమైన మాట. ఛార్జీలకు వెరచి రెండు స్టాపుల దూరం నడిచినవారు, షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లినవారు, దూరంగా మంచి జీతం దొరుకుతుందని తెలిసినా దగ్గరి పనితోనే సరిపెట్టుకున్నవారు ఇప్పుడు బస్సెక్కుతున్నారు. ఈ అవసరం ఎప్పటి నుంచో ఉంది. టికెట్ ధర దాన్ని తొక్కిపెట్టింది, అంతే.

మరోవైపు మగవారి పరిస్థితి వేరు. సిటీ ఆర్డినరీ నెల పాసు 2025 జూన్‌లో రూ.1,150 నుంచి రూ.1,400కు పెరిగింది. అదే ఏడాది అక్టోబరులో నగర బస్సుల టికెట్ మొదటి మూడు స్టేజీలకు రూ.5, ఆపైన రూ.10 చొప్పున పెరిగింది. ధర పెరిగి, నిలబడటానికి చోటు తగ్గితే కాస్త వెసులుబాటు ఉన్నవారు ఏం చేస్తారు? వాయిదాల మీద బండి కొనుక్కుంటారు. ఆ స్తోమత లేని కుర్రాళ్లు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఉన్న ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్ దారుల్లో ఉదయం పూట కనిపించేది ఇదే. ఒక వర్గానికి దక్కిన హక్కు మరో వర్గాన్ని బస్సు నుంచి నెట్టేస్తే ఆ తప్పు హక్కుది కాదు. అవసరానికి తగ్గట్టు ట్రిప్పులు పెంచని ప్రణాళికది.

ఇక ఎటు వెళ్తున్నారన్నది చూద్దాం. హైదరాబాద్ బస్సు మార్గాల్లో చాలావరకు ఒకప్పటి నగరాన్ని చూసి గీసినవి. కోఠి, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాద్, మెహిదీపట్నం వాటికి కూడళ్లు. మేడ్చల్ నుంచి 229, ఘట్‌కేసర్ నుంచి 280, పటాన్‌చెరు నుంచి 218... అన్నీ శివారు నుంచి నడిబొడ్డుకు తెచ్చేవే. కచేరీలు, దుకాణాలు, ఆసుపత్రులు అక్కడే ఉన్న రోజుల్లో అది సరైన పద్ధతే. తర్వాత పని చోటు మారింది. ఐటీ కొలువులు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు నడిచాయి. ఆదిభట్ల, పోచారాల్లో పెద్ద క్యాంపస్‌లు వచ్చాయి. శామీర్‌పేట దారిలో జీనోమ్ వ్యాలీ, 2008 నుంచి శంషాబాద్‌లో విమానాశ్రయం ఉన్నాయి. ఇల్లూ శివారే, పనీ శివారే. ఘట్‌కేసర్ మనిషి ఆదిభట్లలో పనికి కుదిరితే బస్సులో ఉప్పల్, ఎల్బీ నగర్ దాకా లోపలికొచ్చి మళ్లీ బయటికి వెళ్లాలి. అదే ఊళ్లో కారున్నవాడికి 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఉంది. వేల కోట్లు పోసి కారుకు చుట్టు దారి వేసిన ప్రభుత్వాలకు, బస్సుకూ అలాంటి చుట్టు దారి కావాలన్న సంగతి ఎందుకు తట్టలేదు?

వేళలూ మారాయి. ఆఫీసు ఉద్యోగిని దృష్టిలో ఉంచుకుని ఉదయం తొమ్మిదికి, సాయంత్రం ఆరుకు బస్సులు పెంచితే చాలనుకునే కాలం పోయింది. అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళ్లే ఆమె ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. మధ్యాహ్నం ఒకటి, రెండు గంటలకు తిరుగు ప్రయాణం. మాల్‌లో నిలబడి బట్టలు చూపించే అమ్మాయి షట్టరు దించాకే బయటపడుతుంది. ఆసుపత్రుల్లో ఆయాలు, సెక్యూరిటీ గార్డులు షిఫ్టులు మారేది రాత్రి ఎనిమిదికి. ఆ సమయంలో ఎల్బీ నగర్ దాటి లోపలి ఊళ్లకు వెళ్లే బస్సు దొరకడమంటే అదృష్టమే. రాత్రి ఆఖరి ట్రిప్పు నడవకపోతే వీరిలో ఆడవారికి జీరో టికెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇన్ని మార్పులు కళ్లెదుటే ఉంటే ఆర్టీసీకి ఎందుకు పట్టడం లేదు? సిబ్బందికి చిత్తశుద్ధి లేక కాదు. చిక్కంతా కొలిచే పద్ధతిలో ఉంది. డిపోల్లో అందరి నోటా నలిగే మాటలు రెండు: ఓఆర్, ఈపీకే. సీట్లు ఎంతవరకు నిండాయన్నది మొదటిది, బస్సు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ రాబడి ఎంతన్నది రెండోది. డిపో మేనేజరు పనితీరుకు గీటురాళ్లు ఇవే. ఉదాహరణకు ఒక మార్గంలో గంటకు రెండు బస్సులు, 160 మంది ప్రయాణికులు అనుకుందాం. మరో బస్సు వేస్తే, ఇన్నాళ్లూ స్టాపులో మిగిలిపోతున్న 40 మంది కూడా ఎక్కుతారు. 200 మంది ఊపిరాడేలా వెళ్తారు. కానీ బస్సుకు 80 మంది ఉన్న చోట 67 మందే ఉంటారు. ఓఆర్ పడిపోతుంది, ఈపీకే పడిపోతుంది. మంచి పని చేసిన మేనేజరు సమీక్షా సమావేశంలో సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ లెక్కల ప్రకారం ప్రయాణికుల్ని కుక్కి తీసుకెళ్లే మార్గమే ‘బాగా నడుస్తున్న’ మార్గం. జీరో టికెట్ సొమ్మును కూడా ప్రభుత్వం టికెట్ల లెక్కనే చెల్లిస్తే ఆ జబ్బు ముదురుతుంది తప్ప తగ్గదు.

నిజానికి మహాలక్ష్మి పథకం ఆర్టీసీ చేతికి ఒక విలువైన సాధనాన్ని ఇచ్చింది. కండక్టరు టిమ్ (టికెట్ జారీ యంత్రం) మీద టికెట్ కొట్టేటప్పుడు ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, వేళ మూడూ నమోదవుతాయి. పాసులున్నవారి ప్రయాణం ఏనాడూ ఇలా నమోదు కాలేదు. ఇప్పుడు ఆడవారి ప్రతి ప్రయాణానికీ ఆనవాలు ఉంది. అయితే బస్సు కిక్కిరిసినప్పుడు ఏం జరుగుతోందో దగ్గర నుంచి చూడాలి. ముందు తలుపు దగ్గర ఎక్కినవారిని కండక్టరు చేరేసరికి రెండు, మూడు స్టేజీలు దాటిపోతాయి. జీరో టికెట్ కోసం చూపాల్సిన ఆధార్ కార్డు చేతికందడానికే చోటుండదు. చెకింగ్ భయంతో బస్సును పక్కకు ఆపించి టికెట్లు పూర్తి చేస్తారు. అప్పటికి ఎక్కడ ఎక్కారన్నది సుమారు లెక్కే. అంటే సమాచారం ఎక్కడ అత్యవసరమో అక్కడే మసకబారుతోంది.

ఇక బస్సుల సంఖ్య విషయానికొస్తే, కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం మంచి సేవ అంటే లక్ష జనాభాకు కనీసం 60 బస్సులు, ప్రయాణికుడు ఎదురుచూసే సమయం నాలుగు నిమిషాలు. పది నిమిషాలు దాటితే అట్టడుగు శ్రేణి. కోటికి పైగా జనం ఉన్న మహానగరానికి ఆ లెక్కన ఆరు వేలకు పైగా బస్సులు కావాలి. ఉన్నవి అందులో సగానికి కాస్త అటూఇటూ. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగర బస్సులను పెద్ద ఎత్తున తగ్గించారు. ఆ గుంట ఇంకా పూడలేదు. కిక్కిరిసిన బస్సు ఇబ్బందితో పోదు, ప్రాణాల మీదికి తెస్తుంది. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయిన ఆర్టీసీ బస్సు, సోమవారం ఉదయం నగరానికి వస్తున్న జనంతో నిండిపోయి ఉంది. ప్రమాదానికి కారణం వేరు కావచ్చు. నిలబడి వెళ్లేవారికి అలాంటి వేళ ఏ రక్షణా ఉండదన్నది మాత్రం కాదనలేం.

కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారు. వాటిని ఏ దారిలో తిప్పుతారన్నదే ఇప్పుడు తేల్చాల్సింది. పాత డీజిల్ బస్సు తీసి, అదే మార్గంలో కొత్తది పెడితే పొగ తగ్గుతుంది, ఎదురుచూపు తగ్గదు. మార్గాలు ఖరారు చేసే ముందే మూడు పనులు జరగాలి.

ఒకటి, మిగిలిపోయినవారిని లెక్కించాలి. మూడు నెలలకోసారి ఒక వారం పాటు ప్రధాన శివారు స్టాపుల్లో ప్రతి బస్సు వెళ్లిపోయాక ఎందరు మిగిలారో, ఎంతసేపు నిలబడ్డారో నమోదు చేయాలి. ఆ పని కాలేజీ విద్యార్థులకు అప్పగించవచ్చు. ఆ వివరాలను, టిమ్ వివరాలను కలిపి మార్గాల వారీగా జనం ముందు పెట్టాలి.

రెండు, పొడవాటి మార్గాలను విడగొట్టాలి. ట్రాఫిక్‌లో చిక్కి రెండు గంటలు తిరిగే బస్సు కంటే మెట్రో అంచున ఉన్న ఎల్బీ నగర్, నాగోల్, మియాపూర్, రాయదుర్గం స్టేషన్ల నుంచి చుట్టుపక్కల ఊళ్లకు పది నిమిషాలకొకటి తిరిగే చిన్న బస్సు మేలు. శివారు నుంచి శివారుకు ఔటర్ సర్వీసు రోడ్ల మీదుగా అడ్డ సర్వీసులు వేయాలి. బస్సు మారితే రెండోసారి టికెట్ కొనాలన్న భయంతోనే జనం ఒకే బస్సు కోరుకునేవారు. ఆడవారికి ఆ భయం ఇప్పుడు లేదు. మగవారికి ఒకే టికెట్‌పై గంటన్నరలోపు బస్సు మారే వీలిస్తే వారికీ పోతుంది.

మూడు, ప్రభుత్వం ఆర్టీసీకిచ్చే సొమ్ములో కొంత భాగాన్ని నడిపిన ట్రిప్పులకు, పాటించిన వేళలకు ముడిపెట్టాలి. అద్దె విద్యుత్ బస్సులకు ఎలాగూ కిలోమీటరు లెక్కనే చెల్లిస్తున్నారు. అదే నియమం రాత్రి పదింటి ట్రిప్పుకూ వర్తిస్తే, జనం తక్కువన్న సాకుతో దాన్ని రద్దు చేయాల్సిన అగత్యం డిపోకు ఉండదు.

ఇదంతా ఖర్చే అనేవారి మాటను కొట్టిపారేయలేం. ఆర్టీసీ మోస్తున్న అప్పుల బరువు చిన్నది కాదు. కానీ బస్సు దొరకక బండి కొనే ప్రతి కుటుంబం వాయిదాలు, పెట్రోలు, ప్రమాదాల రూపంలో ఆ ఖర్చును భరిస్తూనే ఉంది. ఫ్లైఓవర్ల రూపంలో ప్రభుత్వమూ భరిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవారి ఉచిత ప్రయాణానికి స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక విశాఖ, విజయవాడ శివార్లు కూడా ఇదే దారిలో ఉన్నాయి. హైదరాబాద్ అనుభవం వారికి ముందే అందిన హెచ్చరిక.

ఉచిత ప్రయాణం హక్కు అని ప్రకటించినప్పుడు, బస్సు వేళకు రావడం ఆ హక్కులో భాగమే. అందుకే ఇకపై సమీక్షా సమావేశాల్లో మొదటి ప్రశ్న ‘రాబడి ఎంత?’ అని కాక, ‘ఎందరు ఎక్కలేకపోయారు?’ అని ఉండాలి. ఆ ప్రశ్నకు డిపో మేనేజరు దగ్గర అంకె ఉన్న రోజున కొత్త బస్సులు ఎక్కడ తిరగాలో ఎవరూ ఊహించాల్సిన పని ఉండదు.