కుంకుమపువ్వు గదికి కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ఈమధ్య ఫోను తెరిస్తే ఒకటే వీడియో. పదడుగుల గది, రంగు లైట్లు, ఇనప ర్యాకుల మీద ట్రేలు, వాటి నిండా ఊదారంగు పూలు. కింద 'ఇంట్లో కూర్చుని లక్షలు, గృహిణులకు సువర్ణావకాశం' అని రాత. గృహిణి అనగానే అవకాశాలన్నీ ఎందుకో సువర్ణంగానే వస్తాయి. వాళ్ళ కన్ను మన మెళ్ళోని సువర్ణం మీద ఉంటుంది కాబట్టేమో!

మా మరిది కూడా మొన్న, "వదినా, పిల్లలు హాస్టల్లోనే ఉన్నారుగా, ఆ గది ఖాళీయే. ఏసీ ఉంది. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ 'ఇంకేం కావాలి' దగ్గరే నా పేచీ.

పూలు రావని నేను అనను. వస్తాయి. కుంకుమపువ్వు గడ్డ తన కడుపులో దాచుకున్న బలంతోనే పూస్తుంది, దానికి ఆ సమయంలో మట్టి కూడా అక్కర్లేదు. కాశ్మీరులో పాంపోరు వైపు కొందరు రైతులు ఇప్పుడు గడ్డల్ని ట్రేలలో పేర్చి గదుల్లోనే పూయిస్తున్నారు. కానీ అక్కడ అక్టోబరు చలి కిటికీలోంచి ఊరికే వస్తుంది. పూలు కోశాక గడ్డల్ని తీసుకెళ్ళి మళ్ళీ పొలంలో నాటుతారు. మన వీడియోలు మాత్రం పూల దగ్గరే ఆగిపోతాయి.

లెక్క చూద్దాం రండి. ఒక్క గ్రాము కుంకుమపువ్వుకి దాదాపు 150 పూలు కావాలి. గడ్డ పది గ్రాములనుకుంటే క్వింటాలుకి పదివేల గడ్డలు. ఒక్కోటీ రెండు పూలు పూసిందని ఉదారంగా అనుకున్నా ఇరవైవేల పూలు, అంటే 130 గ్రాముల చిల్లర. గ్రాము 300కి అమ్మితే నలభైవేలు. లక్షలెక్కడ? ఇందులోంచే గడ్డల ధర, ర్యాకులు, శిక్షణ ఫీజు పోవాలి. పూత సమయంలో గది 15 నుంచి 17 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఇళ్ళ ఏసీలు చాలావరకు 16 దగ్గరే ఆగిపోతాయి, సెప్టెంబరు ఉక్కలో అదీ రాత్రింబవళ్ళు తిరిగితేనే. రోజుకి ఇరవై యూనిట్లు వేసుకున్నా రెండు నెలలకి 1200 యూనిట్లు. పై స్లాబులో యూనిట్ పది రూపాయలకి దగ్గర. మీరే గుణించుకోండి.

తేమ సంగతి ఇంకో విచిత్రం. గడ్డలకి గాలిలో ఎనభై శాతం తేమ కావాలంటారు. ఏసీ చేసే పనే గాలిలో నీళ్ళు పిండి గొట్టంలోంచి బయటికి కార్చడం. దాంతో పొగమంచు మిషను ఒకటి కొనిపిస్తారు. ఒకటి నీళ్ళు చల్లుతుంది, ఇంకొకటి లాగేస్తుంది, మీటరు రెండింటికీ తిరుగుతుంది. లైట్లు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే మిగులుతుంది, ఆ వేడినీ పాపం అదే ఏసీ మోయాలి.

ఇక గాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చల్లదనం పోతుందని తలుపులు బిగించి లోపల తేమ నింపితే ముందు పండేది బూజు. గడ్డ కుళ్ళు పట్టిందంటే ట్రే తర్వాత ట్రే పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే చాలంటారు, కింద ఎక్కడో గాలి లోపలికొచ్చే సందు లేకుండా అది ఏం లాగుతుంది? సందు పెడితే వేడి వస్తుంది. కొందరు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కూడా అంటగడుతున్నారట. ఆకులే సరిగా లేని గడ్డకి అదెందుకు? పిల్లలు తిరిగే ఇంట్లో, మూసిన గదిలో, ఆ గ్యాసు ప్రమాదం కూడా.

పూలయ్యాక గడ్డకి ఆకులు పెరిగి, శీతాకాలమంతా చల్లటి మట్టిలో, మంచి వెలుగులో ఉంటేనే పిల్లగడ్డలు ఊరతాయి. అవి చిన్నవైతే మరుసటేడు పూత లేదు, మళ్ళీ గడ్డలు కొనాల్సిందే. అమ్మేవాళ్ళ వ్యాపారం అక్కడుంది.

ఇంతకీ అర్ధరాత్రి కరెంటు పోతే లేచి గది చూసేది ఎవరు? పూట పూటా ట్రేలు తిప్పేది, పువ్వులో మూడేసి ఎర్ర కేసరాలు గిల్లి ఆరబెట్టేది ఎవరు? 'ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా' అన్న ఆవిడే. ఆ కూలి ఏ లెక్కలోనూ లేదు.

చేతిలో నాలుగు రూపాయలు కావాలనుకోవడం తప్పు కాదు, నాకూ కావాలి. అలాంటప్పుడు మన వేడిని ఇష్టపడే పంటని చూడండి. పాల పుట్టగొడుగులు 25 నుంచి 35 డిగ్రీల దాకా హాయిగా వస్తాయి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాటిలో ఏపీకే2 అనే రకాన్నే విడుదల చేసింది. వాటికి తడి గోనెసంచులు, కింద వలకట్టిన కిటికీ, పైన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను సరిపోతాయి. కాకపోతే పడగ్గదికి దూరంగా పెట్టండి, పుట్టగొడుగుల దుమ్ము ఆయాసం ఉన్నవాళ్ళకి పడదు.

అయినా కుంకుమపువ్వే కావాలంటారా, గొలుసు బ్యాంకులో పెట్టేముందు ఆ శిక్షణ ఇచ్చేవాళ్ళని రెండు అడగండి: వాళ్ళ సొంత గదిలో రెండో ఏటి పూత, ఆ ఏడాది కరెంటు బిల్లులు. ఫొటోలు కాదు, బిల్లులు.