వైరసు చెప్పు వంశచరిత్ర

శాసనములలోను, భాషలలోను, అస్థికలలోను వెదకిన మానవ పూర్వచరిత్రను మూత్రములో విసర్జితమగు ఒక వైరసునందు గూడ చదువవచ్చునని 1997లో జపాను, అమెరికా దేశముల పరిశోధకులు కొందరు ప్రకటించిరి. 1971లో ఒక రోగి మెదడునుండి వేరుచేయబడి, ఆతని పేరులోని పొడి అక్షరములతో జె.సి. అని వ్యవహృతమగుచున్న ఆ వైరసు బాల్యముననే దేహమును ప్రవేశించి, మూత్రపిండములలో ఆజీవనము నిలిచియుండును. తరచుగా తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించును. న్యూమెక్సికోలోని నవహో అను మూలవాసులయందు ఆసియావాసులలో కనబడు రూపమే కానవచ్చుటచేత, ఆసియానుండి అమెరికాకు తరలిపోయిన పూర్వుల జాడ చిక్కినదని వారు సంతసించిరి. నాటినుండి ఈ మాట పలువురికి సిద్ధాంతప్రాయమైనది.

ప్రదేశభేదమును బట్టి ఈ వైరసునకు రూపభేదము కలదనుటను నేను కాదనను. అమెరికాలో స్థిరపడిన జపనీయుల సంతతియందు ఆసియా రూపములు నిలిచియుండుట కుటుంబ సంక్రమణమునకు మంచి సాక్ష్యమే. కాని కొలది తరముల సాక్ష్యమును పదివేల యేండ్లకు సాగదీసి, దానితో జాతుల పుట్టుపూర్వోత్తరములను నిర్ణయింపబూనుట మాత్రము నాకు సమ్మతము కాదు.

వైరసు ఎంత వేగముగా మారునో తెలిసిననే గాని దాని శాఖలు ఎప్పుడు చీలినవో తెలియదు. ఆ వేగమును గణించుటకై, వైరసు మనుష్యులతోపాటే చీలినదని ముందుగానే ఒప్పుకొని, మానవుల వలసకాలములను కొలబద్దగా నిలిపి, పిదప ఆ కొలబద్దతోనే వలసలను కొలుచుట జరిగినది. మన తార్కికులు దీనినే అన్యోన్యాశ్రయదోషమందురు. 2006లో షాకెల్టన్, హోమ్స్ మొదలగు పరిశోధకులు ఆ యూహను ప్రక్కకు నెట్టి గణింపగా, వేగము మునుపటి గణనముకంటె దాదాపు నూరు రెట్లు అధికమై యుండవచ్చునని తేలినది. నమూనాలు కొద్దియగుటచే ఆ గణనమున సందిగ్ధత విస్తారమే. అయినను మానవ వంశవృక్షమును వైరసు వంశవృక్షముతో సరిపోల్చినపుడు గూడ అవి కలసి చీలినవనుటకు ఆధారమేదియు కానరాలేదు.

హెపటైటిస్-బి వైరసు కథ ఇంతకంటె గట్టిది. ప్రాచీన మానవావశేషములనుండి వెలికితీసిన 137 వైరసు జన్యుపటములను 2021లో పరిశీలింపగా, నవీన శిలాయుగమునుండి కంచుయుగము దనుక పశ్చిమ యూరేషియాలో వ్యాపించియుండిన శాఖ, క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్ది చివరి భాగమున క్షీణించి అన్యశాఖలకు తావిచ్చెననియు, దాని శేషము అరుదైన జి రూపమున మాత్రమే మిగిలినదనియు తెలిసినది. నేటి వైరసును మాత్రమే నమ్మి ఐరోపా చరిత్ర వ్రాయువాడు ఆ శాఖను మోసిన నవీన శిలాయుగపు తొలి రైతులు నిస్సంతులై నశించిరని వ్రాయవలసివచ్చును. వారి సంతతియో, ప్రాచీనాస్థికలలోని మానవ డి.ఎన్.ఎ. సాక్షిగా, నేటి ఐరోపీయుల దేహములలో నిలిచియే యున్నది.