పెరటి చెట్టే మందు

టెక్సాసు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అమెరికాలో ‘క్విల్టు గిల్డు’ లని వుంటాయి. క్విల్టంటే మరేదో కాదు, మన బొంతకు దూరపు చుట్టం. పైన అతుకుల గుడ్డ, మధ్య దూది, అడుగున మరో గుడ్డ, మూడూ కలిపి కుట్టు. ఆ పని ఇష్టమైన వాళ్ళంతా నెలకొకసారి కలుసుకుని, ఒకరి పని ఒకరికి చూపించుకుని, ఎవరినైనా పిలిపించి మాట్లాడించుకుంటారు. మన మహిళా సమాజాల వంటివే ననుకోండి.

ఆ సోదరిని వచ్చే ఏడాదికి కార్యక్రమాల కార్యదర్శిగా ఎన్నుకున్నారట. “పన్నెండు నెలలకు పన్నెండుగురు వక్తలను ఎక్కణ్ణుంచి తేను? డబ్బు చూస్తే కొంచెం. పెద్దవాళ్ళు రావడం తగ్గించేశారు. పైగా, మీ దేశపు క్విల్టుల గురించి నువ్వే ఒకరోజు చెప్పమంటున్నారు. మనకేమున్నాయండీ, ముతక బొంతలు తప్ప? సిగ్గేసి ఊరుకున్నాను” అని రాశారు.

అమ్మాయీ, ముందు భయం సంగతి చూద్దాం. సిగ్గు సంగతి తరవాత.

పన్నెండు నెలలని బెంబేలు పడకండి. కాగితం మీద నెలల పేర్లు రాసుకోండి. డిసెంబరులో ఎలాగూ విందు. మార్చి మూడో శనివారం అక్కడి క్విల్టుల దినం. ఆ నెల సభ్యుల ప్రదర్శన పెట్టండి. ఒక నెల అందరూ కూచుని ఆసుపత్రి పిల్లలకు చిన్న దుప్పట్లు కుట్టండి. ఒక నెల అరగంట చొప్పున ముగ్గురు సభ్యులు తమకు తెలిసిన మెళకువ చెబుతారు. సెలవుల్లో ఊళ్ళో వుండని నెలలు రెండు తీసెయ్యండి. ఇక మిగిలినవెన్ని? ఆరు. ఆరుగురిని వెదకడం పెద్ద గండమేమీ కాదు.

పేరున్న వాళ్ళు ఏడాది, రెండేళ్ళ ముందే ఒప్పుకుని వుంటారు. అందుచేత రేపటికి కాదు, ఎల్లుండికి ఈనాడే రాయాలి. దూరాన్నుంచి వచ్చే మనిషికి విమానం ఖర్చు, బస, ప్రసంగానికి రుసుము ఇవ్వాలి. చుట్టుపక్కల గిల్డుల కార్యదర్శులతో మాట్లాడి, ఆమె ఒకే ప్రయాణంలో మూడు చోట్ల మాట్లాడేటట్టు చేస్తే ఖర్చు మూడు వాటాలవుతుంది. మర్నాడు పాఠం పెట్టి, నేర్చుకునేవాళ్ళ దగ్గర కొంత వసూలు చేస్తే మరికొంత భారం తగ్గుతుంది.

ఇచ్చేదెంత, తేదీ ఏది, ఎంతసేపు, బల్లలెన్ని, క్విల్టులు ఎత్తి పట్టుకోవడానికి మనుషులెందరు, రాలేకపోతే ఏం చెయ్యాలి — అన్నీ కాగితం మీద పెట్టుకోండి. స్నేహం చెడకుండా వుండాలంటే లెక్క ముందే తేలాలి.

ఇంకొక మాట. చేతిలో పనితనం వున్న వాళ్ళందరికీ నోట్లో మాట వుండదు. పిలిచే ముందు, ఆమె మాట విన్న గిల్డు వాళ్ళను అడగండి. 2020 తరవాత ఇంట్లో కూచునే తెర మీద ప్రసంగాలు వినడం అలవాటయింది. దూరదేశపు మనిషిని వినాలంటే అది చవక, సుఖం. కాని తెర మీది గుడ్డను తాకి చూడలేం. ఏడాదికి రెండు చాలు. మిగతా నాలుగిటికీ, తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని అంచులు తిప్పి చూసే వీలుండాలి. పెద్దవాళ్ళు మానేశారంటే, వినపడక మానేశారేమో కనుక్కోండి. మంచి మైకు ఒకటి నలుగురు వక్తలపాటి చేస్తుంది.

ఇదంతా నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఒకప్పుడు మా సమాజంలో ఈ పని నా నెత్తిన పడింది. చేతిపనుల గురించి మాట్లాడమని పట్నం నుంచి పేరున్న ఒకావిడను పిలిచాం. రైలు ఖర్చులు, శాలువా, కవరులో రెండు వేలు. ఆవిడ గంటన్నర మాట్లాడారు. ఒక్క గుడ్డముక్కయినా వెంట తేలేదు. వెనక వరసలో కునికిపాట్లు.

మరునెల రావలసినావిడకు జ్వరమని పొద్దున్న కబురొచ్చింది. ఏమీ తోచక, మా వెనక వీధిలో బొంతలు కుట్టే ముసలమ్మను బతిమాలి తీసుకొచ్చాను. “నాకు మాట్లాడ్డం ఏం వచ్చమ్మా?” అంది. “మాట్లాడొద్దు, కుట్టు” అన్నాను.

చాప మీద పాత చీరలు పరిచి, పెద్ద సూదితో మొదలుపెట్టింది. “ఎన్నిసార్లు ఉతికిన చీరయితే అంత మెత్తన. కొత్త గుడ్డ బొంతకు పనికిరాదు” అంది. అంతే. ఆడవాళ్ళంతా కుర్చీలు దిగి చుట్టూ చేరారు. ఆ చీర ఎవరిది, ఈ అంచు లోపలికెందుకు మడిచావు, పురిటి బిడ్డకు ఎన్ని పొరలు — ప్రశ్నల మీద ప్రశ్నలు. సభ ముగించడం నా వల్ల కాలేదు.

ఆమెకు మేమిచ్చినది రెండు అరటిపళ్ళు, ఒక జాకెట్టు గుడ్డ.

రాత్రి లెక్కలు రాస్తూంటే, కిందటి నెల రెండు వేలు, ఈ నెల అరటిపళ్ళు పక్కపక్కన కనిపించాయి. నిద్ర పట్టలేదు. మర్నాడు సభ్యులతో చెప్పి రెండు వేలూ తీసుకువెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని, “ఇది ఎన్ని బొంతలకమ్మా?” అనడిగింది.

ఆమె నోట వచ్చిన మాటలకు కూడా వెల వుంటుందని ఆమెతో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అందుకే చెబుతున్నాను. పెరటి చెట్టు మందుకు రాదంటారు. అక్కడా ఆ సామెత చెల్లింది. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు, పొలం పనికి తొడిగి చిరిగిన బట్టల్తో క్విల్టులు కుట్టుకునేవారు, చలికి ఆగలేక. అవే 2002లో మీ టెక్సాసులోని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకెక్కాయి. అదే ఏడు న్యూయార్కు వెళ్ళాయి. 2006లో తపాలా బిళ్ళల మీద అచ్చయాయి. మన పక్కనే కర్ణాటకలో, ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి సిద్దీ స్త్రీలు పాత బట్టల్తో ‘కవంది’ కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. నాలుగు మూలలా గుడ్డ మడతలతో చిన్న పువ్వులు పెడతారు. ఇవన్నీ ముతక బొంతలే!

కనక, ఆరుగురిలో ఇద్దర్ని మీ ఊళ్ళోనే చూడండి. దూరాన్నుంచి వచ్చేవారికిచ్చే మర్యాదా, రుసుమూ వారికీ ఇవ్వండి. ఒక నెల మీరే మాట్లాడండి. మీ అమ్మగారో అమ్మమ్మగారో కుట్టిన బొంత ఏ పెట్టె అడుగునో వుండే వుంటుంది. తీసి ఎండలో వెయ్యండి. ఏ ముక్క ఎవరి చీరో ఇంటికి టెలిఫోను చేసి అడిగి రాసిపెట్టుకోండి. చెప్పగలవాళ్ళు వున్నప్పుడే అడగాలి.

ఆ రోజు ఎలా జరిగిందో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.